తలుపులకి పూర్తి మార్కులు, గోడకి మాత్రం కాదు

అంబాజీపేట దగ్గర కాలవగట్టు మీద మా అత్తగారి నాటి పెంకుటిల్లు. సంక్రాంతికి పిల్లలొస్తారని కార్తీకం వెళ్ళగానే రంగులు మొదలెట్టించాం. రంగుల షాపువాళ్ళే మేస్త్రిగారిని, ఇద్దరు కుర్రాళ్ళని పంపించారు. విప్పని డబ్బాలు తిరిగిస్తే డబ్బు ఇచ్చేశారు, అదొక మంచి పని.

మూడేళ్ళ కిందట వేరేవాళ్ళు పాత ఎనామిల్ మీదే కొత్తది పూసేసి పోతే, ఏడాది తిరక్కుండా తలుపులు కుబుసం విడిచాయి. ఈయన అలా కాదు. ఊడేదంతా గీకి, 80 నంబరు గరుకు కాగితంతో పాత మెరుపు చంపి, 180తో నున్నగా రుద్ది, తుడిచి, ఆరాకే చెక్కకి తొలి పూతగా ఉడ్ ప్రైమర్ వేశారు. మేకుల కంతల్లో లప్పం (పుట్టీ) ఆ తర్వాతే కూరారు. ముందు పెడితే ఉత్త చెక్క లప్పంలో నూనె పీల్చేసి, అది పొడిగా రాలిపోతుందట. మా చెమ్మగాలికి ప్రైమర్ మర్నాటికి గానీ గోటికి గట్టిగా తగల్లేదు. అంతవరకూ కుర్రాళ్ళని బ్రష్ ముట్టుకోనివ్వలేదు.

గడప దగ్గర పెద్ద పేచీ. నలభై ఏళ్ళ పసుపు పేరుకుంది. "అమ్మగారూ, పసుపు మీద రంగు నిలబడదండి" అని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రుద్దారు. శుక్రవారం పొద్దున్నే అలవాటుకొద్దీ నేను మళ్ళీ పసుపు రాసేశాను! ఆయన ఒక్క మాటన్లేదు. కాగితం తీసుకుని కూర్చున్నారు.

ఇక కాలవవైపు గది. పాత సున్నపు గోడ, కింద మూడడుగుల మేర ఎప్పుడూ చెమ్మే. నేను పాలిథిన్ కవరు నాలుగువైపులా టేపుతో అంటించి, మర్నాడు వెనక నీటిబొట్లు చూపించాను. "ఆయ్, మంచుకి అలాగే ఉంటదండి" అని సిమెంటు లప్పం రెండు పూతలు, ప్రైమరు, పైన ఎమల్షన్ రంగు లాగించేశారు. కనుమ నాటికి పొక్కులు. తడితే పలకలా ఊడొచ్చింది, వెనకంతా తెల్లటి ఉప్పు. సున్నపు గోడ చెమ్మని మెల్లగా బయటికి వదులుతుంది, దానికి మూత పెడితే తోసుకురాక ఏం చేస్తుంది?

ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోకుండా మళ్ళీ లప్పం పెడతామన్నారు. వద్దన్నాను. ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు కట్టేసి గోడ ఎండాక, ఆ మూడడుగులూ గీకించి సున్నమే కొట్టిస్తాను. పెరటి కిటికీ రెక్కలకి మాత్రం ఆ మేస్త్రిగారికే చెప్పి ఉంచాను.