టీఎన్ 70, కేఏ 51: హోసూరు కారుకీ బెంగళూరు కారుకీ నిజంగా ఎంత తేడా పడింది

మా కుటుంబంలో ఒకే మోడల్ కార్లు రెండున్నాయి. రెండూ 2019లో కొన్నవే. నాది తమిళనాడులోని హోసూరులో రిజిస్టరైంది, నంబరు టీఎన్ 70తో మొదలవుతుంది. మా బావమరిదిది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో, అది కేఏ 51. మధ్యన పాతిక కిలోమీటర్ల దూరం కూడా లేదు గానీ అత్తిబెలె దగ్గర రాష్ట్రం మారిపోతుంది. తరతరాలుగా హోసూరులో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి ఉద్యోగం బెంగళూరులోనే. అందుకని ఇక్కడ ఎవరు కారు కొన్నా ముందుగా అడిగేది మైలేజీ కాదు, ఏ నంబరు వేయించాలని. ఇన్నేళ్లు రెండు బండ్ల ఖర్చూ దగ్గరగా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కొన్నప్పుడు ఎక్స్ షోరూం ధర ఇద్దరికీ ఇంచుమించు 8 లక్షలు. తమిళనాడులో అప్పుడు 10 లక్షల లోపు కారుకి లైఫ్ టాక్స్ 10 శాతం, అంటే 80,000. కర్ణాటకలో 5 నుంచి 10 లక్షల మధ్య ధరకి 14 శాతం. అక్కడితో అయిపోలేదు, ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. అన్నీ కలిపితే 15.54 శాతం, మా బావమరిదికి 1,24,320 అయింది. ఒకే బండికి 44 వేల పైచిలుకు తేడా! షోరూం వాళ్లు ఇచ్చే కాగితంలో ఈ సెస్సు విడిగా కనిపించదు, పన్నులోనే కలిసిపోయి ఉంటుంది. అందుకే చాలామంది 14 శాతమే కదా అని లెక్క వేసుకుని, చివర్లో మొత్తం చూసి కంగారు పడతారు.

మిగతా ఫీజుల్లో తేడా వెతకడం వృథా. రిజిస్ట్రేషన్ ఫీజు 600, స్మార్ట్ కార్డు 200, లోను ఉంటే ఆ పేరు ఆర్సీలో ఎక్కించడానికి 1,500. ఇవి కేంద్రం నిబంధనల్లో ఉన్నవి, ఎక్కడైనా అంతే. ఇన్సూరెన్సులో మాత్రం చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి మహానగరాల్లో రిజిస్టరైన కార్లు ‘ఏ’ (A) జోన్ కిందికి వస్తాయి, హోసూరు ‘బీ’ (B) జోన్. థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే గానీ, సొంత బండి నష్టానికి కట్టే భాగం బీ జోన్‌లో కాస్త తక్కువ. ఏటా కొద్ది మొత్తమే అయినా మిగులు మిగులే.

తమిళనాడు నంబరుతో రోజూ బెంగళూరు వెళ్లొస్తే పోలీసులు పట్టుకోరా అని అడిగేవాళ్లు చాలామంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితేనే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. 30 రోజులు దాటితే చాలు పన్ను కట్టాలని కర్ణాటక 2014లో తెచ్చిన సవరణను 2016లో హైకోర్టు కొట్టేసింది. అప్పట్లో నా ఇల్లు హోసూరులో, రాత్రి బండి ఉండేదీ హోసూరులోనే. ఆపినప్పుడల్లా చిరునామా, ఫాస్టాగ్‌లో టోలు లెక్కలు చూపించాను, పంపించేశారు. అయితే పొరుగు నంబరుకి డబ్బుతో తేలని ఇబ్బంది ఒకటుంది. 2016 సెప్టెంబరులో కావేరి గొడవలప్పుడు బెంగళూరులో తమిళనాడు నంబరు బండ్లు తగలబడ్డాయి. మాకు అది ఇంటి ముందు జరిగినట్టే. ఆ నంబరు ఉన్నంతకాలం కావేరి వార్తలు వేడెక్కిన రోజు కారు తీయలేదు.

అసలు ఖర్చు బయటపడింది నేను ఇల్లు సర్జాపూర్ రోడ్డుకి మార్చినప్పుడు. పిల్లల చదువు కోసం బెంగళూరులోనే స్థిరపడుతున్నాం కాబట్టి నంబరు మార్చక తప్పదు. ముందు హోసూరు ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి, అది ఫారం 28. అప్పటికి లోను తీరిపోయింది గనుక బ్యాంకు అనుమతి గొడవ లేదు. తర్వాత కర్ణాటకలో కొత్త నంబరుకి ఫారం 27, చిరునామా మార్పుకి ఫారం 33, బండి తనిఖీ, ఛాసిస్ నంబరు ముద్ర. వీటన్నిటికంటే బరువైంది పన్ను. ఐదేళ్లు దాటిన బండికి కూడా కొత్త బండి పన్నులో దాదాపు మూడింట రెండు వంతులు అడుగుతారు. అంటే 80 వేల పైమాటే. ఆనాడు మిగిలిన 44 వేలు ఏమైనట్టు? కర్ణాటక ఆర్సీ చేతికొచ్చాక పాత పన్నులో మిగిలిన కాలానికి తమిళనాడులో రీఫండ్ అడగవచ్చు. అడిగాను, వచ్చింది కూడా, కానీ ఇక్కడ కట్టినదానికి అది ఏ మూలకీ చాలలేదు. అయినా అడగడం మానకండి, అది మన డబ్బు.

ఇప్పుడు కొనేవాళ్లకి హోసూరు లాభం ఒకప్పటంత లేదు. 2023 నవంబరులో తమిళనాడు రేట్లు పెంచింది: 5 లక్షల వరకు 12, ఆపైన 10 లక్షల దాకా 13, 20 లక్షల దాకా 18, అంతకు మించితే 20 శాతం. 8 లక్షల కారుకి ఈ లెక్కన 1,04,000, కర్ణాటకతో తేడా 20 వేలే. 12 లక్షల కారైతే తమిళనాడులో 2,16,000, కర్ణాటకలో సెస్సుతో 2,26,440. పది వేల కోసం స్నేహితుడి హోసూరు ఇంటికి అద్దె అగ్రిమెంటు రాయించుకుని రిజిస్టర్ చేయిస్తున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. తప్పుడు చిరునామా చట్టరీత్యా నేరం, పైగా ఏడాది దాటాక ఎప్పుడు ఎవరు ఆపుతారోనన్న భయం వదలదు. కుప్పం వైపు ఆలోచించేవాళ్లకీ ఒక మాట: ఆంధ్రలో కూడా 2022 నుంచి 13, 14, 17, 18 శాతాలే, కర్ణాటక స్లాబులే అవి.

ఇక అమ్మకం సంగతి. టీఎన్ 70 నంబరుండగా ఒకసారి ధర కనుక్కుంటే, బెంగళూరులో కొనేవాళ్లు పన్ను మేమే కట్టుకోవాలి కదా అని ఆ మొత్తం ముందే తగ్గించి అడిగారు. హోసూరు, కృష్ణగిరి వాళ్లు మామూలు ధరకే తీసుకుంటామన్నారు. కాబట్టి హోసూరులో ఉండి, హోసూరులోనే అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు నిశ్చింతగా టీఎన్ 70 వేయించుకోండి. రెండు మూడేళ్లలో బెంగళూరు చేరే ఆలోచన ఏమాత్రం ఉన్నా మొదటి రోజే కేఏ నంబరు తీసుకోండి. నా తర్వాతి కారుకి నేను చేయబోయేదీ అదే.