పిల్లి మాటల్ని అనువదించే యాప్, ఏడాది వాడాక నా రివ్యూ: 5కి 2

పిల్లి అరిస్తే దానర్థం ఏంటో స్క్రీన్ మీద రాసి చూపించే యాప్‌లు ఉన్నాయి కదా, వాటిలో ఒకదానికి డబ్బులు కట్టి మరీ ఏడాది వాడాను. పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు, బెంగళూరులో మా చెల్లి ఇంకోటి వాడింది అదీ ఇదే బాపతు. నెలకైతే 199, ఏడాదికైతే 1,499 అంటే పిసినారి లెక్కేసుకుని ఏడాదిది తీసుకున్నా. 5కి 2 ఇస్తున్నా, ఆ రెండైనా ఎందుకో చెప్తా, కాస్త పొడుగే ఉంటుంది మరి.

ముందు మా వాడి గురించి. పేరు పులుసు. మూడేళ్ళ కిందట వానాకాలంలో, వైజాగ్‌లో మా ఇంటి వెనక గుమ్మంలోంచి దూరి, అమ్మ చల్లారబెట్టిన చేపల పులుసు గిన్నెలో మూతి పెట్టి దొరికిపోయాడు, అప్పటికి అరచేతిలో పట్టేంత ఉన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఒళ్ళు కూడా ఆరెంజ్ రంగే (ఆరెంజ్ పిల్లుల్లో ఐదింటికి నాలుగు మగవే ఉంటాయి, ఆ రంగు జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల). పేరుతో ఒక చిక్కొచ్చింది, పక్కింటి పిన్నిగారితో అమ్మ "ఇవాళ పులుసు పెట్టానండీ" అన్నా వీడు చెవి తిప్పుతాడు. జపాన్‌లో అత్సుకో సైతో అనే ఆవిడ 2019లో దీనిమీదే పేపర్ రాసింది, పిల్లికి నాలుగు మామూలు మాటలు వరసగా వినిపించి ఐదోది దాని పేరు వినిపిస్తే చెవో తలో కదిలిస్తుంది, అంటే పేరు గుర్తుపడుతోంది అని. గుర్తుపడుతుంది, పిలిస్తే రాదు అంతే. మా వాడు మాత్రం పులుసంటే తన పేరు అనుకుంటున్నాడో కూర అనుకుంటున్నాడో నాకిప్పటికీ డౌటే.

ఇక యాప్ సంగతి. పిల్లికి ఒక ప్రొఫైల్ పెట్టాలి, ఫొటో, వయసు, ఆడా మగా, తర్వాత మైక్ బటన్ నొక్కి ఫోన్ దగ్గర పెడితే అరుపు రికార్డు చేసి ఒక వాక్యం ఇస్తుంది. "ఆకలేస్తోంది", "నన్ను వదిలెయ్", "వేటలో ఉన్నా", "అమ్మా ఎక్కడున్నావ్", "ఐ లవ్ యూ" ఇలా. తెలుగు ఆప్షన్ ఉంది అన్నారు, ఉంది, కానీ "నేను ప్రస్తుతం విశ్రాంతిని కోరుకుంటున్నాను" అని మా పులుసు అన్నట్టు వస్తే ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. రెండో రోజు హాల్లో ఫోన్ ఆన్‌లో వదిలేసి వెళ్తే కుక్కర్ మూడో విజిల్‌కి "నేను ప్రేమలో ఉన్నాను" అని వచ్చింది, ఆ స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది.

నవ్వులాట సరే, అసలు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చదివాక ఎక్కడ తన్నేస్తోందో అర్థమైంది. వేల అరుపులు పోగేసి ఒక్కోదానికి ఇది ఆకలి, ఇది కోపం అని మనుషులు లేబుల్ పెడతారు, మెషీన్ ఆ లేబుళ్ళు నేర్చుకుని మన పిల్లి అరుపు దేనికి దగ్గరగా ఉంటే అది చెప్తుంది. వినడానికి బానే ఉంది. కానీ పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అని మాట్లాడుకోవడం చాలా అరుదు, పిల్లకూనలు తల్లిని పిలవడానికి అరుస్తాయి, పెద్దయ్యాక ఆ మ్యావ్ మిగిలేది దాదాపు మన కోసమే. ఏ అరుపుకి మనం లేచి వస్తామో చూసుకుని ఆ అరుపునే ఖాయం చేసుకుంటాయి. అంటే మా ఇంటి మ్యావ్ మా ఇంటిదే, మీ పిల్లి మ్యావ్ మీ ఇంటిది, ఊళ్ళో పిల్లులన్నిటికీ ఒకటే డిక్షనరీ ఉండదు. 2003లో అమెరికాలో నికాస్ట్రో, ఓరెన్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందికి పిల్లి అరుపులు వినిపించి ఇది ఏ సందర్భంలో అరిచిందో చెప్పండి అంటే ఊరికే బొమ్మాబొరుసా వేసినదానికంటే కాస్త మెరుగ్గా చెప్పగలిగారు, అంతే. పిల్లుల్ని పెంచిన అలవాటున్నవాళ్ళు ఇంకాస్త మెరుగు.

నేను కూడా ఒక వారం కూర్చుని పరీక్ష పెట్టా, వర్క్ ఫ్రం హోం కదా, మీటింగుల్లో మ్యూట్‌లో ఉండి ఇదే పని. అన్నం ముందు అరిచేవి పది, బాల్కనీ తలుపు తియ్యమని అరిచేవి పది, దువ్వెన పెట్టి దువ్వితే గొణిగేవి పది. (మిలాన్ యూనివర్సిటీ వాళ్ళు 21 పిల్లుల దగ్గర 440 అరుపులు ఇలాగే రికార్డు చేశారు, అన్నం కోసం ఎదురుచూసేటప్పుడు, కొత్త చోట ఒంటరిగా ఉన్నప్పుడు, దువ్వేటప్పుడు. కొత్తచోట ఒంటరిగా వదిలేసే ధైర్యం నాకు లేక తలుపుతో సరిపెట్టుకున్నా.) యాప్ అన్నానివి ఆరు కరెక్టుగా చెప్పింది, తలుపువి రెండు, దువ్వెనవి ఒకటి. తర్వాత అవే ముప్ఫై రికార్డింగులు కలిపేసి వంటింట్లో ఉన్న అమ్మకి వినిపించా, ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండా ఇరవై ఆరు చెప్పేసింది. ఎలాగే అంటే "అన్నానికి అడిగేది చివర్లో సాగుతుందిరా, తలుపుకి అడిగేది తెంపేసినట్టుంటుంది, ఇందులో తెలియకపోడానికేముంది" అంది. నేను 1,499 కట్టానని ఆవిడకి అప్పటికి చెప్పలేదు.

యాప్‌కి ఒక్క విషయంలో మార్కులు వేస్తా, కిటికీ అవతల పావురం వాలితే వీడు దవడ టకటకలాడిస్తూ క్కెక్కెక్కె అని ఒక వింత శబ్దం చేస్తాడు చూడండి, అది ప్రతిసారీ "వేటలో ఉన్నా" అనే చెప్పింది. ట్యూబ్‌లైట్ దగ్గర బల్లిని చూసినా అదే, కరెక్టే.

గురగుర దగ్గర మాత్రం పూర్తిగా ఫెయిల్. గురగురమంటే చాలు "సంతోషంగా ఉన్నా" అంటుంది. పిల్లి గురగురలన్నీ సంతోషం కాదండీ. పొద్దున్నే అయిదున్నరకి నా ఛాతీ మీదకెక్కి చేసే గురగురలో సన్నగా ఒక ఏడుపు కలిసి ఉంటుంది, పడుకోనివ్వదు. నాకే అనిపిస్తోందేమో అనుకున్నా, కానీ ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ కారెన్ మెకూంబ్ 2009లో దీన్ని కొలిచి చూపించింది, తిండి కావాలన్నప్పటి గురగురలో చంటిపిల్ల ఏడుపుని గుర్తుచేసే ఎత్తు స్వరం ఒకటి దూరుతుంది, పిల్లిని పెంచనివాళ్ళకి వినిపించినా ఇది ఏదో అర్జెంటులా ఉంది అంటారు అని. అది సంతోషం కాదు, లేవరా అని. నొప్పిలో ఉన్నా గురగురమంటాయి, దాని గురించి కిందకి వస్తా.

ఇంకోటి, యాప్‌కి చెవులే ఉన్నాయి కళ్ళు లేవు. మా వాడు రోజు మొత్తంలో నోటితో చెప్పేది చాలా తక్కువ, మిగతాదంతా తోకే. నేను బయట్నించి రాగానే తోక నిట్టనిలువుగా లేపి కొస కొంచెం వంచి వస్తాడు, అది వచ్చావా అని. కాళ్ళకి బుగ్గ రాస్తాడు, బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి, నువ్వు మావాడివే అని ముద్ర కొట్టుకోవడం అన్నమాట, కాబట్టి కొత్త కుర్చీ కొన్నా ముందు వాడి ముద్ర పడాల్సిందే. తోక నేలకేసి అటూ ఇటూ కొడుతున్నాడంటే కుక్కలా ఆనందం అనుకుని చెయ్యి పెట్టకండి, విసుగు అది. చెవులు పక్కలకి వాలిపోయాయా, ఇంక చాలు అని. పొట్ట చూపించి వెల్లకిలా తిరిగితే నిన్ను నమ్మాను అని అర్థం గానీ పొట్ట నిమురు అని కాదు, ఈ తేడా నా కుడి ముంజేతి మీద మూడు గీతలుగా ఉంది.

కళ్ళ సంగతి అన్నిటికన్నా నాకు నచ్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుంది అని మనవాళ్ళు సామెత పెట్టారు గానీ, పాపం కళ్ళు సగం మూసి చూడటం వాటి మర్యాద. నెమ్మదిగా రెప్ప వాల్చి నెమ్మదిగా ఎత్తితే అవీ తిరిగి అలాగే చేస్తాయి, కొత్తమనిషి చేసినా దగ్గరికొస్తాయి అని ససెక్స్ వాళ్ళే 2020లో తేల్చారు. నేను చెప్తే అమ్మ నవ్వింది, ఇప్పుడు టీవీ చూస్తూ మధ్యమధ్యలో వాడికేసి రెప్పలు వాలుస్తుంటుంది, వాడు ఫ్రిజ్ మీద నుంచి జవాబిస్తాడు. (పాల సామెత ఎలాగూ వచ్చింది కాబట్టి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, నీళ్ళు పెట్టండి చాలు.)

సరే, రెండు స్టార్లు ఎందుకు ఇచ్చాను అనేదానికంటే ముందు మూడు ఎందుకు పోయాయో చెప్పాలి. మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం నుంచి వీడు తేడాగా ఉన్నాడు. మంచం కింద బియ్యం డబ్బా వెనక్కి పోయి కూర్చున్నాడు, సన్నగా లోగొంతుతో మూలుగు. ఫోన్ పెట్టా. "నన్ను ఒంటరిగా వదిలెయ్" అంది. మళ్ళీ పెట్టా, "విశ్రాంతి కావాలి". దగ్గరికెళ్తే గురగురమన్నాడు, "సంతోషంగా ఉన్నా" అని వచ్చింది. నేనూ నమ్మేశా, ఏదో మూడ్ బాలేదు అనుకుని పడుకున్నా, ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆదివారం పొద్దున అమ్మ లేపింది. "ఒరేయ్ లే, వీడు అన్నం అడగలేదు, మట్టి డబ్బాలో ఎక్కి కూర్చుంటున్నాడు దిగుతున్నాడు మళ్ళీ ఎక్కుతున్నాడు, మట్టి చూస్తే పొడిగానే ఉంది" అంది. చూస్తే నిజమే, ముక్కుతున్నాడు, రెండు చుక్కలు, మళ్ళీ వెనక నాక్కోవడం. నేనేమో మలబద్ధకం అనుకున్నా.

ఆదివారం తెరిచి ఉన్న క్లినిక్ వెతుక్కుని వెళ్ళేసరికి పదకొండు. డాక్టర్ గారు పొట్ట పట్టుకోగానే బ్లాడర్ రాయిలా ఉంది, యూరిన్ బ్లాక్ అయింది అన్నారు. మగపిల్లుల్లో మూత్రం బయటికొచ్చే దారి బాగా సన్నం, అందులో చిన్న చిన్న స్ఫటికాలో జిగురో అడ్డం పడితే మూసుకుపోతుంది, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె దెబ్బతింటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది అట. మత్తిచ్చి క్యాథెటర్ వేశారు, మూడు రోజులు అక్కడే, తొమ్మిది వేల చిల్లర. ఎన్నింటి నుంచి ఇలా ఉన్నాడు అని ఆయన అడిగితే నేను గొప్పగా యాప్ తీసి చూపించా. అనువాదాలు ఆయన చూడను కూడా చూడలేదు, పక్కన ఉన్న టైములు చూశారు. శనివారం సాయంత్రం 6:40కి మొదటి మూలుగు, తర్వాత ఎనిమిది, పదిన్నర, రాత్రి రెండు. "పదహారు గంటలు దాటింది" అని కాగితం మీద రాసుకున్నారు. గురగురమన్నాడు సార్ బానే ఉన్నాడనుకున్నా అంటే, నొప్పికీ భయానికీ కూడా అంటాయండీ, ఇక్కడ టేబుల్ మీద సగం పిల్లులు గురగురమంటూనే ఉంటాయి అన్నారు. ఇకమీద ఉత్త డ్రై ఫుడ్ తగ్గించి తడి తిండి పెట్టమన్నారు, నీళ్ళ గిన్నెలు ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టమన్నారు. మగపిల్లి ఉన్నవాళ్ళు దయచేసి ఈ పేరా మాత్రం ఇంట్లో ఇంకొకరికి కూడా చదివి వినిపించండి.

ఈ యాప్‌లో "నొప్పి" అనే లేబుల్ ఉంది, తెలుసా. సెట్టింగుల్లో లిస్టు చూస్తే కనపడింది. ఆ రాత్రి నాలుగుసార్లలో ఒక్కసారి కూడా అది రాలేదు. కంపెనీకి మెయిల్ పెడితే "మా సేవలు వినోదం కోసం మాత్రమే" అని జవాబొచ్చింది, వినోదానికైతే 1,499 ఎక్కువే. అసలు చిరాకు అది కూడా కాదు, తప్పని తెలిసే వీలు లేకుండా చెప్తుంది, "వదిలెయ్" అంటే వదిలెయ్యమనే కావచ్చు నొప్పీ కావచ్చు, రెండిటికీ సరిపోయేలా గోడ మీద పిల్లి వాటం.

ఇక రెండు స్టార్లు. ఒకటి ఆ టైముల హిస్టరీకి. నెలరోజులది గ్రాఫ్‌లా వస్తుంది, దాన్ని చూసే రాత్రి రెండింటి అరుపుల మిస్టరీ తేలింది, ఎదురింటి ప్రహరీ మీదకి ఒక నల్ల గండుపిల్లి సరిగ్గా ఆ టైముకి వచ్చి కూర్చుంటోంది, కర్టెన్ వేసేస్తే వీడు నిద్రపోయాడు. పొద్దున ఏడింపావు అరుపు నెత్తళ్ళ బుట్ట ఆవిడ కోసం, ఆవిడ కేక మాకు వినపడేసరికి వీడు గేటు దగ్గర ఉంటాడు, మనకి వినపడనంత సన్నని చప్పుళ్ళు సైతం వాటి చెవులకి అందుతాయి మరి. రెండో స్టారు ఆ కుక్కర్ విజిల్‌కి.

కొనాలనుకుంటే ఫ్రీ వెర్షన్ చాలు, రోజుకి పది రికార్డింగులు వస్తాయి, హిస్టరీ వారం రోజులు కనపడుతుంది. డబ్బు కట్టేవాళ్ళు ముందు ఆటో రెన్యూవల్ ఆఫ్ చేసుకోండి, నేను గడువుకి రెండు రోజుల ముందు గుర్తొచ్చి క్యాన్సిల్ చేశా. ఎందుకు మానేస్తున్నారు అని ఒక లిస్టు చూపించింది, ఖరీదు ఎక్కువ, వాడటం కష్టం, పిల్లి లేదు. ఇంట్లో అమ్మ ఉంది అనే ఆప్షన్ లేకపోయేసరికి "ఇతరములు" నొక్కా.