రాజమండ్రిలో రెండు రోజులు, ఆత్రేయపురంలో ఒక పూట

సంక్రాంతి వెళ్లిన వారానికి రాజమండ్రి బయల్దేరాం: నేను, మా ఆవిడ, పిల్లాడు, మా అత్తయ్యగారు. రైలు వంతెన ఎక్కగానే అత్తయ్యగారు కొంగుముడి విప్పి చిల్లర గోదారిలోకి విసిరారు. పక్కనే 1997 దాకా రైళ్లు మోసిన పాత హేవలాక్ వంతెన.

ఘాట్ దగ్గర లాడ్జిలో 'గోదావరి వ్యూ' గదికి ఆరువందలు ఎక్కువ కట్టాను. కర్టెన్ లాగితే రెండు నీళ్ల ట్యాంకుల మధ్య జానెడు గోదారి! గది మాత్రం శుభ్రంగానే ఉంది. మామూలు గది తీసుకుని సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చోవడం మేలు.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి గంట చాలనుకున్నాం, చాల్లేదు. 28 నిండకుండానే 1925లో పోయిన మనిషి అన్ని బొమ్మలు వేశాడంటే అత్తయ్యగారు నమ్మలేదు.

భోజనానికి వెళ్లిన మెస్‌లో బోర్డు మీద పులస పులుసు! 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అంటారు గానీ, అది ఎర్రనీటికి ఎదురీదే చేప. వరదల కాలం పోయాక జనవరిలో ఎక్కడిది? పనసపొట్టు కూరతో అన్నం తిన్నాం. ఆవ ఘాటు ముక్కుకెక్కింది, అయినా రెండోసారి వడ్డించుకున్నాం.

మర్నాడు కారు మాట్లాడుకుని ధవళేశ్వరం వెళ్లాం. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కథ మ్యూజియంలో చూసి, ఇప్పటి బ్యారేజీ దాటి ఆత్రేయపురం చేరాం. ఓ ఇంటి వసారాలో పూతరేకులు తీస్తున్నారు. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగితే చాలు, రేకు తయారు. అత్తయ్యగారు తానూ తీస్తానని కూర్చున్నారు. మూడు రేకులు చిరిగాయి.

"చెయ్యి ఆపకూడదండి, అలా లాగేయాలండి" అంది రేకులు తీసే ఆవిడ.

"నలభై ఏళ్లుగా అట్లు పోస్తున్నానమ్మా, ఇది నా వల్ల కాదు" అని లేచారు.

చక్కెరవి తీపి ఎక్కువ. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవే కొనండి. పెట్టె మాత్రం ఒళ్లో పెట్టుకోండి. మా దాని మీద రైల్లో ఎవరో సూట్‌కేసు పెట్టారు. ఇంటికొచ్చాక స్పూన్లతో తిన్నాం.