గండికోటకు సొంత బండి లేకుండా

గండికోట ఊరు కోటగోడల లోపలే ఉంది. అక్కడికి ఆర్టీసీ పల్లెవెలుగు వచ్చేది ఆ కాసిని ఇళ్లవాళ్లు జమ్మలమడుగు వెళ్లి పనులు చూసుకుని ఇల్లు చేరడానికి. పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలనుకునేవాళ్ల వేళలతో దానికి పనిలేదు. ప్రయాణం లెక్క ఇక్కడే తప్పుతుంది.

చిన్న ఊళ్లకు వెళ్లేముందు జనాభా లెక్కల్లోని గ్రామ పట్టిక చూసుకునేవాళ్లకు ఒక మాట. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి ఏ ఊరికైనా దొరికేది 2011 అంకెలే. అందులో 'బస్సు ఉంది' అంటే రోజుకు ఒక్కటొచ్చినా ఉన్నట్టే. ఎన్నిసార్లు వస్తుందో, ఆఖరి బస్సు ఎప్పుడో మాత్రం అందులో ఉండదు.

కాబట్టి జమ్మలమడుగు బస్టాండులో 'గండికోట బస్సు ఎప్పుడు?' అని అడిగి ఊరుకోకండి. పైనుంచి, అంటే గండికోట నుంచి, తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి, ఎక్కాక కండక్టరునూ అడగండి. దూరం 15 కి.మీ. పైచిలుకే అయినా బస్సు తప్పిందంటే ఆటోయే గతి. పైనుంచి కిరాయి దొరకదు గనక ఆటోవాళ్లు రానూపోనూ లెక్కే చెబుతారు, అందులో అన్యాయమేమీ లేదు. గొడవ వచ్చేది ఆగే సమయం దగ్గర. ఎన్ని గంటలు ఆగాలో, కోట లోపలిదాకా వస్తారో లేదో ఎక్కకముందే తేల్చుకోవాలి. పల్లెవెలుగులో ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్టుకు డబ్బులు లేవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి. అది ఆంధ్రప్రదేశ్‌వాళ్లకే. తెలంగాణ చిరునామా ఉంటే మామూలుగా డబ్బులు కట్టాల్సిందే.

రైలంటే ఎర్రగుంట్ల–నంద్యాల లైనులో జమ్మలమడుగు స్టేషనుంది, కానీ ఆ దారిలో బండ్లు తక్కువ. గుంతకల్లు–రేణిగుంట లైను మీదున్న ముద్దనూరులో దిగి, అక్కణ్నుంచి రోడ్డున జమ్మలమడుగు చేరడం మేలు.

బస విషయానికొస్తే, సూర్యోదయం కావాలంటే పైనే పడుకోవాలి. ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటలు కోటకు కాస్త ఇవతల ఉంది. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం. గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టేముందు మరుగుదొడ్డి ఎంత దూరమో, గుడారం లోయ అంచుకు ఎంత ఎడంగా వేస్తారో చూసుకోవాలి. గాలి గట్టిగా వీస్తే రాతినేల మీద మేకులు పట్టవు, రాత్రంతా గుడ్డ టపటప కొట్టుకుంటూనే ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే జమ్మలమడుగు లాడ్జి, ఇంకాస్త మంచి గది కావాలంటే ప్రొద్దుటూరు నయం. సూర్యోదయం మాత్రం వదులుకోవాలి, లేదా చీకటితోనే వచ్చేలా ఆటోను ముందురోజే మాట్లాడి పెట్టుకోవాలి.

నగదు, మందులు జమ్మలమడుగులోనే చూసుకోండి. పైన టీ, టిఫిన్ దొరికినా అన్ని వేళలా దొరుకుతాయని నమ్ముకోవద్దు.

కోటలో మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసేవే. వీటికి తీరిగ్గా మూడు గంటలు పెట్టుకోండి. లోయ అంచున కమ్మీలు లేవు. ఎర్ర బండల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి, చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే వేసుకోండి. లోయలో నీళ్లెంత కనిపిస్తాయన్నది కింద మైలవరం జలాశయంలో నిల్వను బట్టి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పది దాటితే ఆ బండల మీద నిలబడలేం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, తినేవి మాత్రం సంచీలో పెట్టి జిప్పు వేయండి, కోతులు చేతిలోంచే లాక్కుపోతాయి.