సినిమా స్కోరా, క్లాసికలా: సీడీల అల్మారాలో దేనికి చోటు?

సినిమా స్కోరు, అంటే నేపథ్య సంగీతం, సీడీలు పోగేయడమంటే టైముతో పరుగు పందెమే. ఇంట్రాడా, లా-లా లాండ్ లాంటి లేబుళ్లు (సీడీలు వేసే కంపెనీలు) చాలా స్కోర్లను 1000, 3000 కాపీల చొప్పున మాత్రమే వేస్తాయి. అవి అయిపోతే ఇక సెకండ్ హ్యాండే గతి, ధర అమ్మేవాళ్ల ఇష్టం. ఇంకో తలనొప్పి కూడా ఉంది. అమెరికాలో రికార్డయిన స్కోరును ఆల్బమ్‌గా తేవాలంటే వాద్యకారులకు మళ్లీ డబ్బు కట్టాలి. అందుకే ఒకప్పుడు చాలా ఆల్బమ్‌లను అరగంటతో సరిపెట్టేశారు. ఏళ్ల తర్వాత పూర్తి స్కోరు వస్తుంది, ఉన్నదాన్నే మళ్లీ కొంటాం. నేనూ కొన్నాను, సిగ్గేమీ లేదు.

పాశ్చాత్య క్లాసికల్‌లో ఆ టెన్షన్ తక్కువ. బీతోవెన్ ఐదో సింఫనీ ఎప్పుడైనా దొరుకుతుంది. కాబట్టి రెండూ ఇష్టమైతే ముందు స్కోరు కొనండి. క్లాసికల్‌లో చిక్కల్లా ఏ కండక్టర్ రికార్డింగు కొనాలన్నదే. కరాయన్‌దా, కార్లోస్ క్లైబర్‌దా? నా ఓటు క్లైబర్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసినదానికే. చాలా డిస్కులు ఒకే పెట్టెలో వచ్చే బాక్స్ సెట్లలో ఒక్కో డిస్కు చవగ్గానే పడుతుంది కానీ, సగం విప్పకుండానే ఉండిపోతాయి.

పాత సీడీల వెనక ఏడీడీ (ADD), డీడీడీ (DDD) అని కనిపిస్తుంది. మొదటి అక్షరం ‘ఏ’ (A) అయితే అసలు రికార్డింగు డిజిటల్‌గా కాక అనలాగ్ టేపు మీద జరిగిందని అర్థం. అది చూసి పక్కన పెట్టేయకండి, క్లైబర్‌దీ అలాంటిదే.