బ్లూటూత్ ఓబీడీ స్కానర్: ఈసీఎం పోయిందో లేదో ఇది చెప్పగలదా?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెడితే కారులోని లోపాల కోడ్‌లు చదివే ఈఎల్ఎం327 రకం చిన్న స్కానర్‌ని ఫోన్ యాప్‌తో కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనమనే చెప్తాను, కానీ ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) పాడైందని ఇదొక్కటే తేల్చలేదు, పక్కన మల్టీమీటర్ ఉండాల్సిందే.

పోయిన వానాకాలం మలక్‌పేటలో కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కాదు. వర్క్‌షాప్‌వాళ్లు స్కాన్ చేసి ఈసీఎం పోయింది, కొత్తది వేసి ఇమ్మొబిలైజర్‌కి (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) తాళాలు కూడా మళ్లీ ప్రోగ్రామ్ చేయాలన్నారు. ఆ రేటు వింటే ఎవరికైనా టెన్షనే. నా స్కానర్‌లో పీ0641, దాంతోపాటు మ్యాప్ సెన్సర్‌ది (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది), యాక్సిలరేటర్ పెడల్‌ది కోడ్‌లు కనిపించాయి. ఇన్ని సెన్సర్లు ఒకే నిమిషంలో చెడిపోతాయా? పీ0641 అంటే ఈసీఎం సెన్సర్లకి ఇచ్చే 5 వోల్టుల సప్లైలో తేడా అని. లైవ్ డేటా కూడా అదే చెప్పింది: ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో పెడితే మ్యాప్ బయటి గాలి పీడనం చూపాలి, హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి మనకి 95 కిలోపాస్కల్స్ అటూఇటూ రావాలి (సముద్ర మట్టం దగ్గర వచ్చే 101 కోసం చూడకండి), నాకు పాతిక కూడా దాటలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి తోయించుకుని వెళ్తే, "ఈసీఎం సంగతి తర్వాత సార్, ముందు వైర్లు చూద్దాం" అన్నాడు. బ్యాటరీ నెగటివ్‌కీ ఈసీఎం ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టాడు, 0.1 వోల్టు లోపే, అంటే ఎర్త్ బాగానే ఉంది. తర్వాత మీటర్‌ని 5 వోల్టుల వైరు మీద ఉంచి, ఆ లైన్లో ఉన్న సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఏసీ ప్రెషర్ సెన్సర్ పీకగానే 5 వోల్టులు వచ్చేశాయి, బండి స్టార్ట్! ఆ సెన్సర్ లోపల షార్టయి మొత్తం లైన్‌ని కిందికి లాగేసింది. రాణిగంజ్‌లో కొత్తది తెచ్చి వేశాం. ఈసీఎం పాతదే, ఇప్పటికీ నడుస్తోంది.

పీ0606, పీ0601 లాంటి, ఈసీఎం లోపలి లోపాన్నే చెప్పే కోడ్‌లు వచ్చి, సప్లై, ఎర్త్ రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు ఈసీఎంని అనుమానించడం న్యాయమే.

స్కానర్ లోపాలూ ఉన్నాయి. చవక నకళ్లలో కనెక్షన్ తెగుతుంటుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలా కార్లలో చదవలేదు. కోడ్‌లు చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం వచ్చిన క్షణంలో దాచిన రీడింగులు) కూడా పోతుంది, ముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. బండి రోజుల తరబడి నిలిపి ఉంచేటప్పుడు స్కానర్ తీసేయండి, బ్యాటరీ తాగేస్తుంది.