ఉక్రెయిన్‌కు ఐరోపా ఆయుధ సాయం: ఉన్నది తీసివ్వడమా, కొనివ్వడమా, అక్కడే చేయించడమా? ఏది మేలు?

తన సైన్యం కోసం ఫ్రాన్స్ నుంచి కొన్న 19 సీజర్ శతఘ్నులను ఒక్కటి కూడా మిగుల్చుకోకుండా ఉక్రెయిన్‌కు ఇచ్చేస్తున్నట్లు డెన్మార్క్ 2023 జనవరిలో ప్రకటించింది. మరుసటి ఏడాది అదే డెన్మార్క్ ఇంకో 18 శతఘ్నులకు డబ్బు కట్టింది. అయితే ఈసారి కట్టింది ఫ్రాన్స్ కర్మాగారానికి కాదు, యుద్ధం నడుస్తున్న ఉక్రెయిన్‌లోనే బొహ్దానా శతఘ్నులను తయారుచేసే కర్మాగారానికి. ఇచ్చిన దేశం ఒకటే, పుచ్చుకున్న దేశం ఒకటే, సంఖ్య కూడా ఇంచుమించు ఒకటే. రెండు రకాలూ వాహనం మీద అమర్చినవే, రెండూ 155 మిల్లీమీటర్ల గుండునే పేలుస్తాయి. అయినా ఈ రెండు దానాల స్వభావం వేరు, వాటి పర్యవసానాలు కూడా వేరు. ఐరోపా దేశాల ముందు ఇప్పుడున్న ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు కనబడలేదు.

సాయాన్ని సాధారణంగా కోట్లలో లెక్కగడతారు. జర్మనీలోని కీల్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరి నాటికి ఐరోపా కేటాయించిన మొత్తం సాయం సుమారు 13,200 కోట్ల యూరోలు, అమెరికా కేటాయించినది సుమారు 11,400 కోట్ల యూరోలు. ఎవరెంత ఇచ్చారో తెలుసుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి గానీ, ఇవ్వడంలో ఏ దారి మేలో ఇవి చెప్పవు. దానికి నా దృష్టిలో రెండే కొలబద్దలు ఉన్నాయి. ఆయుధం ముందు వరుసలో ఉన్న సైనికుడి చేతికి ఎన్ని నెలల్లో చేరుతుంది? చేరేలోగా దాన్ని ఆపగల అధికారం ఎవరి చేతిలో ఉంది?

మొదటి కొలబద్దతో చూస్తే, యుద్ధం మొదలైన తొలి ఏడాదిన్నరలో సొంత నిల్వల నుంచి తీసివ్వడాన్ని మించిన దారి లేదు. 2022లో పోలండ్ రెండు వందలకు పైగా టీ-72 ట్యాంకులను పంపింది. అవి పాతవే కావచ్చు, కానీ ఉక్రెయిన్ సైనికులకు ఆ ట్యాంకు నడపడం కొత్తగా నేర్పనక్కరలేదు, దానికి సరిపడే గుండ్లూ విడిభాగాలూ మరమ్మతు తెలిసిన మనుషులూ అక్కడే ఉన్నారు. సోవియట్ కాలపు ఆయుధాలున్న తూర్పు దేశాలు వాటిని ఉక్రెయిన్‌కు ఇస్తే, వాటి స్థానంలో తాను పాశ్చాత్య ఆయుధాలు ఇస్తానంటూ జర్మనీ ఒక మార్పిడి పద్ధతిని నడిపింది. ఆ లెక్కన చెక్ రిపబ్లిక్‌కు, స్లొవాకియాకు లెపర్డ్-2 ట్యాంకులు దక్కాయి. గ్రీస్ తన 40 సోవియట్ తరహా బీఎంపీ-1 సాయుధ వాహనాలను వదులుకుని 40 జర్మన్ మార్డర్ సాయుధ వాహనాలను తీసుకుంది. స్లొవేనియా మాత్రం 28 ట్యాంకులిచ్చి 40 సైనిక ట్రక్కులు పుచ్చుకుంది. ఈ బేరంలో ఎవరికి గిట్టుబాటైందో వారికే తెలియాలి. యుద్ధానికి ముందు నెలలో 5,000 శిరస్త్రాణాలు పంపుతామని చెప్పి నవ్వులపాలైన జర్మనీ కొద్ది నెలల్లో ఇంత దూరం రావడం మాత్రం చిన్న విషయం కాదు.

కానీ నిల్వ అన్నది ఒక్కసారి ఖాళీ చేయగలిగేదే. డెన్మార్క్ తన సీజర్లను ఇచ్చేశాక ఇజ్రాయెల్ నుంచి 19 అట్మాస్ శతఘ్నులను, వాటితోపాటు పుల్స్ రాకెట్ వ్యవస్థలను హడావుడిగా కొనవలసి వచ్చింది. ఆ తొందరలో పార్లమెంటుకు తప్పు సమాచారం అందిందన్న వివాదం రేగి ప్రభుత్వం ఇరుకున పడింది. పోలండ్ కొత్త ట్యాంకుల కోసం, శతఘ్నుల కోసం దక్షిణ కొరియా గుమ్మం తొక్కింది. రెండో కొలబద్ద కూడా ఇక్కడ చేదు పాఠమే నేర్పింది. జర్మనీ ఇచ్చిన గెపార్డ్ విమాన విధ్వంసక వాహనాలు డ్రోన్లను కూల్చడంలో ఎంతో అక్కరకొచ్చాయి, కానీ వాటి తూటాల్లో కొన్ని స్విట్జర్లాండ్‌లో తయారైనవి. తటస్థ దేశంగా తన చట్టం ఒప్పుకోదంటూ ఆ దేశం 2022లో వాటిని ఉక్రెయిన్‌కు పంపనివ్వలేదు. చివరికి జర్మన్ సంస్థ రైన్‌మెటాల్ ఆ తూటాల కోసం సొంత గడ్డ మీద కొత్త తయారీ వరుసను తెరవవలసి వచ్చింది. ఆయుధం మనదైనా తూటా మరొకరిదైతే దానం సగం మనది, సగం వాళ్లది.

నిల్వలిచ్చిన దేశాలకు కొంత డబ్బు తిరిగి చెల్లించేందుకు ఐరోపా సంఘం తన ఉమ్మడి బడ్జెట్‌కు బయట ఒక శాంతి నిధిని వాడింది. దాని చెల్లింపులకు సభ్య దేశాలన్నీ ఒప్పుకోవాలి, హంగరీ ఒప్పుకోలేదు. ఫలితంగా సుమారు 660 కోట్ల యూరోలు ఏళ్ల తరబడి ఇరుక్కుపోయాయి.

ఇక రెండో దారి కొనివ్వడం. ఇందులో ఐరోపాలో కొనడం, లోకంలో ఎక్కడ దొరికితే అక్కడ కొనడం, అమెరికాలో కొనడం అని మూడు పాయలున్నాయి. మూడింటి అనుభవం మూడు రకాలుగా ఉంది. మొదటిది 2023 మార్చిలో ఇచ్చిన పది లక్షల గుండ్ల మాట. ఏడాదిలోగా ఉక్రెయిన్‌కు అన్ని శతఘ్ని గుండ్లు అందిస్తామన్న ఐరోపా సంఘం, నిల్వల నుంచి ఇచ్చేవారికి చెల్లించడానికి 100 కోట్ల యూరోలు, ఉమ్మడి కొనుగోలుకు మరో 100 కోట్లు, కర్మాగారాల విస్తరణకు 50 కోట్లు కేటాయించింది. ఉమ్మడి డబ్బుతో ఐరోపా సంఘం దేశాల్లోనో నార్వేలోనో ఉన్న సంస్థల నుంచే కొనాలన్న నిబంధన పెట్టారు, ఫ్రాన్స్ అందుకు పట్టుబట్టింది. మన పన్నుల డబ్బు మన కార్మికులకే దక్కాలన్న ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. కానీ 2024 మార్చి గడువు వచ్చేసరికి ఉక్రెయిన్ చేరినవి సగానికి అటూఇటూ మాత్రమే.

ఎందుకిలా జరిగింది? ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ముప్పై ఏళ్లపాటు ఐరోపా సైన్యాలు గుండ్లు కొనడం దాదాపు మానేశాయి. గిరాకీ లేక తయారీ వరుసలు కుంచించుకుపోయాయి. యుద్ధం వచ్చాక అందరూ ఒకేసారి ఎగబడేసరికి, యుద్ధారంభంలో 2,000 యూరోలున్న 155 మిల్లీమీటర్ల గుండు ధర 8,000కు చేరిందని నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు రాబ్ బాయర్ 2023 అక్టోబరులో చెప్పారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఆయుధ సంతకు కూడా వర్తిస్తుందన్నమాట. ఉక్కు పెంకు పోత పోయడం ఒక్కటే తయారీ కాదు. దాన్ని ముందుకు తోసే మందుకు నైట్రోసెల్యులోజ్ కావాలి, దానికి పత్తి గింజను అంటిపెట్టుకుని మిగిలే పొట్టి నూగు కావాలి. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో జిన్నింగ్ మిల్లు చూసినవారికి ఆ నూగు ఏమిటో చెప్పనక్కరలేదు. ఐరోపా తన అవసరంలో ఎక్కువ భాగం దాన్ని చైనా నుంచి తెచ్చుకుంటున్నది. రష్యాను నిలువరించడానికి ఐరోపాలో చేసే గుండు, రష్యాకు దగ్గరైన చైనా పత్తి మీద ఆధారపడటం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా వింతగా తోచే సంగతి.

అలాగని కర్మాగారాలు కట్టడం వృథా కాదు. రైన్‌మెటాల్ జర్మనీలోని ఉంటర్‌ల్యూస్‌లో 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిన గుండ్ల కర్మాగారం 2025 ఆగస్టులో ప్రారంభమైంది. 2027 నాటికి ఏడాదికి 3,50,000 గుండ్లు తయారుచేయడం దాని లక్ష్యం. ఏడాదిన్నరలో అంత కర్మాగారం లేవడం మెచ్చదగినదే. కానీ ఇల్లు కాలుతున్నప్పుడు తవ్వడం మొదలుపెట్టిన బావి అది, నీళ్లు పడేసరికి యుద్ధం నాలుగో ఏడాదిలో నడుస్తున్నది.

ఆ లోటును పూడ్చింది చెక్ రిపబ్లిక్. 2024 ఫిబ్రవరిలో మ్యూనిక్ భద్రతా సదస్సులో ఆ దేశాధ్యక్షుడు పీటర్ పావెల్, ఐరోపా బయట 155 మిల్లీమీటర్ల గుండ్లు 5,00,000, 122 మిల్లీమీటర్లవి 3,00,000 ఉన్న చోట్లు తెలుసునని, డబ్బిస్తే కొన్ని వారాల్లో కదిలించవచ్చునని ప్రకటించారు. తొలి విడత ఆ ఏడాది జూన్‌లో చేరింది. ఏడాది ముగిసేసరికి అన్ని రకాల పెద్ద గుండ్లు కలిపి సుమారు 15 లక్షలు ఉక్రెయిన్‌కు అందాయి. అమ్మే దేశాల పేర్లు బయటపెట్టకపోవడమే ఈ పద్ధతికి బలం. రష్యా కన్ను పడకుండా సరుకు కదలాలంటే ఆ గుట్టు తప్పదు. బలహీనత కూడా అదే. ధర ఎంత, దళారి ఎవరు, వాటా ఎంత అని అడిగితే తృప్తికరమైన జవాబు రాదు. ఆ దేశ రాజకీయ నాయకుడు ఆంద్రే బాబిష్ ఎన్నికల్లో దీన్ని విమర్శించడానికి అదే ఆయుధమైంది. నన్నడిగితే, పది లక్షల గుండ్ల పథకానికీ దీనికీ మధ్య పోటీలో చెక్ పద్ధతే గెలిచింది. జాతీయాభిమానపు షరతు లేకుండా, సరుకు ఎక్కడుందని మాత్రమే అడిగింది కాబట్టి గెలిచింది.

మూడో పాయ అమెరికాలో కొనడం. 2025 జులై 14న ట్రంప్, నాటో ప్రధాన కార్యదర్శి మార్క్ రుట్టె కలిసి ప్రకటించిన ఏర్పాటు ప్రకారం అమెరికా ఆయుధాలిస్తుంది, ఐరోపా దేశాలూ కెనడా డబ్బు కడతాయి. ఒక్కో విడత సుమారు 50 కోట్ల డాలర్లది. ఆగస్టులో మొదటి విడతను నెదర్లాండ్స్ భరించింది, వెంటనే డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి రెండో విడతను, తర్వాత జర్మనీ మరో విడతను తలకెత్తుకున్నాయి. రెండో కొలబద్ద ఈ దారికి అస్సలు అనుకూలించదు. అదే ఏడాది మార్చిలో అమెరికా తన సైనిక సాయాన్ని వారం రోజులకు పైగా నిలిపివేసింది, జులై ఆరంభంలో గగనతల రక్షణ క్షిపణులు సహా కొన్ని రవాణాలను మళ్లీ ఆపింది. 2022లోనే అయిదు పేట్రియాట్ గగనతల రక్షణ వ్యవస్థలకు అమెరికాతో ఒప్పందం చేసుకున్న స్విట్జర్లాండ్‌కు, ఉక్రెయిన్ అవసరాల దృష్ట్యా నీ వంతు ఆలస్యమవుతుందని 2025లో కబురు వచ్చింది. నేడు ఉక్రెయిన్ కోసం స్విట్జర్లాండ్‌ను పక్కకు జరిపిన చెయ్యి, రేపు మరొకరి కోసం ఉక్రెయిన్‌నే పక్కకు జరపవచ్చు.

ఇంత చెప్పినా ఈ దారిని వదులుకోమనడం బాధ్యత లేని మాట అవుతుంది. కీవ్ మీద, ఖార్కివ్ మీద పడే బాలిస్టిక్ క్షిపణిని గాలిలోనే కూల్చడంలో పేట్రియాట్‌కు సాటి అనదగ్గ పరిమాణంలో ఐరోపా దగ్గర మరొకటి లేదు. ఫ్రాన్స్, ఇటలీ కలిసి చేసిన సాంప్-టీ వ్యవస్థ ఉన్నా, దాని యూనిట్లూ, అది పేల్చే ఆస్టర్ క్షిపణులూ కొద్దిగానే ఉన్నాయి.

ఇప్పుడు మూడో దారికి, అంటే ఉక్రెయిన్‌లోనే చేయించడానికి, మొదట చెప్పిన బొహ్దానా దగ్గరికి వద్దాం. రష్యా దండెత్తే నాటికి ఉక్రెయిన్ దగ్గర ఆ శతఘ్ని నమూనా ఒక్కటే ఉండేది. 2022 వేసవిలో నల్లసముద్రంలోని సర్పద్వీపం నుంచి రష్యా సేనను వెళ్లగొట్టడంలో దాన్నే వాడారు. తయారీ శక్తి తర్వాత గబగబా పెరిగింది గానీ, ఆర్డర్లు పెట్టడానికి ఉక్రెయిన్ ఖజానాలో డబ్బు లేదు. 2024లో డెన్మార్క్ ఆ ఖాళీని పట్టుకుంది. ఏ ఆయుధం కావాలో ఉక్రెయిన్ చెబుతుంది, సంస్థనూ ధరనూ డెన్మార్క్ నిపుణులు పరిశీలిస్తారు, ఆ తర్వాతే డబ్బు విడుదలవుతుంది. ఆ 18 శతఘ్నులు కొద్ది నెలల్లోనే సైన్యానికి అందాయి. రవాణాకు సరిహద్దులు దాటనక్కరలేదు, మరమ్మతు కర్మాగారం పక్కనే ఉంటుంది, ముందు వరుస నుంచి వచ్చిన ఫిర్యాదు మరుసటి శతఘ్నిలోనే సర్దుబాటవుతుంది. స్వీడన్, నార్వే, కెనడా, ఐస్‌లాండ్ కూడా ఈ దారిలో డబ్బు పెట్టాయి. 2024 జులైలో, స్తంభింపజేసిన రష్యా ఆస్తుల మీద వచ్చిన రాబడిలో తొలి విడతగా ఐరోపా సంఘం చేతికందిన సుమారు 150 కోట్ల యూరోల నుంచి 40 కోట్లు ఈ దారికే వెళ్లాయి. ఆ డబ్బుకు హంగరీ సమ్మతి అక్కరలేదని న్యాయ నిపుణులు తేల్చడం ఇక్కడ గమనించదగ్గది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆ కర్మాగారాలు రష్యా క్షిపణులకు అందుబాటులో ఉన్నాయి. 2024 నవంబరులో స్వదేశంలో తయారైన మోర్టారు గుండ్లు పేలడం లేదన్న ఫిర్యాదుల మీద సుమారు 1,00,000 గుండ్లను ముందు వరుస నుంచి వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది జనవరిలో మోర్టారు గుండ్ల కొనుగోలులో దాదాపు 4 కోట్ల డాలర్ల మోసాన్ని ఉక్రెయిన్ భద్రతా సంస్థే బయటపెట్టింది. డెన్మార్క్ పరిశీలకులు చేసే తనిఖీ అందుకే ఈ పద్ధతిలో అలంకారం కాదు, ఆయువుపట్టు. క్షిపణుల భయానికి విరుగుడుగా ఉక్రెయిన్ సంస్థలు ఐరోపా గడ్డ మీదే తయారీ పెట్టుకునే ఏర్పాటు కూడా మొదలైంది. రాకెట్ ఇంధనం తయారీకి డెన్మార్క్‌లోనే చోటిచ్చారు.

ఈ మూడు దార్ల వెనుక ఇంకో పోటీ ఉంది. ఐరోపా దేశాలు తమ సైన్యాలను కూడా నింపుకోవాలి. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతం ఖర్చు చేస్తామని, అందులో 3.5 శాతం నేరుగా రక్షణకేనని ఒప్పుకున్నాయి. స్పెయిన్ గొణిగింది. ఐరోపా సంఘం అంతకుముందు నెలలోనే 15,000 కోట్ల యూరోల రక్షణ రుణ పథకాన్ని ఆమోదించింది. సొంత సైన్యపు ఆర్డరూ ఉక్రెయిన్ ఆర్డరూ ఒకే కర్మాగారం వాకిట్లో వరుసలో నిలబడితే ఉక్రెయిన్ వెనక్కి పోతుందన్న భయం నిజమే. అయితే హేగ్ ప్రకటనలో ఒక మేలైన వాక్యముంది. ఉక్రెయిన్ రక్షణకూ ఆ దేశ ఆయుధ పరిశ్రమకూ నేరుగా ఇచ్చినదాన్ని సొంత రక్షణ ఖర్చుగా లెక్కించుకోవచ్చని అందులో రాసుకున్నారు. బొహ్దానాకు కట్టిన యూరో ఆ వరుసలో నిలబడనక్కరలేదు, లెక్కలోకి మాత్రం వస్తుంది.

నా తూకం ఇది. శతఘ్నులు, డ్రోన్లు, మధ్యతరహా దూరపు క్షిపణులు ఉక్రెయిన్‌లోనే చేయించాలి. గుండ్లు చెక్ పద్ధతిలో కొంటూనే, ఐరోపా కర్మాగారాల ఉత్పత్తి పెరిగేకొద్దీ అటు మళ్లించాలి. గగనతల రక్షణకు మాత్రం, ఇష్టమున్నా లేకున్నా, అమెరికాకు డబ్బు కట్టాలి. నిల్వల నుంచి ఇవ్వడం అత్యవసరానికే అట్టేపెట్టుకోవాలి.

2025 డిసెంబరులో ఐరోపా నేతలు 2026, 2027 సంవత్సరాలకు ఉక్రెయిన్‌కు 9,000 కోట్ల యూరోల రుణం ఇవ్వాలని నిర్ణయించారు. స్తంభింపజేసిన రష్యా ఆస్తులను హామీగా వాడుకునే ప్రతిపాదనకు బెల్జియం అడ్డుపడటంతో ఉమ్మడి అప్పు చేయడానికి సిద్ధపడ్డారు. 2026 జనవరిలో ఐరోపా కమిషన్ ప్రతిపాదించిన పద్ధతిలో అందులో 6,000 కోట్లు సైనిక అవసరాలకు. ఆయుధాలను మొదట ఉక్రెయిన్‌లోనూ ఐరోపాలోనూ వెతకాలి, అక్కడ దొరకనివే బయట కొనాలి. పది లక్షల గుండ్ల నాటి షరతుకు ఇది సడలింపు. ఆ ‘దొరకనివి’ అన్న జాబితాలో పేట్రియాట్ క్షిపణి ఎన్నాళ్లు మొదటి వరుసలో ఉంటుందన్నదే ఇక చూడవలసింది.